అంతా షుగరే అన్నారు: మెదడు స్కాన్ గదిలో నా ఉద్యోగం

"షుగర్ ఉంది కదండీ, అలాగే ఉంటుంది" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నంత కాలం ఈ మాట వింటూనే ఉన్నాను. కాళ్లు లాగితే షుగరు, భుజం పట్టేస్తే షుగరు, నడక మందగిస్తే షుగరు, మాట తగ్గితే షుగరు. చెప్పేది చదువురానివాళ్లు కాదు, డాక్టర్లే. కూర్చోబెట్టి చూడాల్సిన మనిషిని తొందరగా బయటికి పంపడానికి ఇంతకన్నా సులువైన మాట లేదు.

ఈ విభాగంలోకి కొత్తగా వచ్చే డాక్టర్లు, టెక్నీషియన్లు నన్ను కలిసినప్పుడు ఏ మిషను మంచిది, ఏ ఊళ్లో జీతాలు బాగుంటాయి అని అడుగుతారు. వాటికి జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది వేరు. షుగరుకూ పార్కిన్సన్స్ జబ్బుకూ సంబంధం ఉందేమో చూద్దామని మేం ఒక పరిశోధన మొదలుపెట్టాం. అందులో మునిరత్నం అనే బస్సు డ్రైవరుకు ఏం జరిగిందో చెబుతాను. ఈ ఉద్యోగమంటే ఏమిటో అందులో ఉంది.

మేం చూసేది ఏమిటి

పార్కిన్సన్స్‌ని మనవైపు వణుకుడు రోగం అంటారు. పేరు అలా ఉన్నా వణుకు లేకుండా కూడా అది రావచ్చు. మెదడులో బాగా లోపల, కదలికలను నడిపించే ఒక చోటు ఉంది. అక్కడ డోపమిన్ అనే రసాయనాన్ని వదిలే నరాల కొసలు ఉంటాయి. ఈ జబ్బులో ఆ కొసలు మెల్లమెల్లగా చచ్చిపోతాయి. మామూలు ఎమ్మారైలో ఇది సాధారణంగా దొరకదు. మేం ఆ కొసలకు అతుక్కునే ఒక మందుకు కొద్దిపాటి రేడియోధార్మికత కలిపి చేతి నరంలోకి ఎక్కిస్తాం. కొన్ని గంటలు ఆగి కెమెరా కింద పడుకోబెడతాం. మందు అతుక్కున్న చోట వెలుగు కనపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో అటొకటి ఇటొకటి కామాలు పెట్టినట్టు ఉంటుంది. జబ్బు వచ్చినవాళ్లలో ముందు కామా తోక చెరిగిపోతుంది. చుక్క మిగులుతుంది. రానురాను ఆ చుక్కా మసకబారుతుంది.

పల్లెల నుంచి వచ్చేవాళ్లు "తలకు కరెంటు పెడతారా" అని భయపడేవాళ్లు. వాళ్లకు ఓపిగ్గా చెప్పడం తమ పని కాదని మా జూనియర్లు కొందరు అనుకునేవాళ్లు. నాకు అది నచ్చేది కాదు. సూది వేశాక కెమెరా ఎక్కేదాకా రోగి మన హాల్లోనే కూర్చుని ఉంటాడు. ఆసుపత్రి మొత్తంలో ఏ డాక్టరుకూ రోగితో అంత సమయం దొరకదు. దాన్ని ఫోను చూసుకుంటూ పోగొట్టుకునేవాళ్లు ఈ పనిలోకి రాకపోయినా నష్టం లేదు.

కుప్పమ్మ

పరిశోధన ఆలోచన కుప్పమ్మను చూశాక వచ్చింది. ఆమెది వడమాలపేట దగ్గరి పల్లె. మామిడితోట ఉన్న కుటుంబం. షుగరు చాలా ఏళ్లుగా ఉంది. మొదట ఎడమ భుజం పట్టేసింది. షుగరు భుజం అన్నారు. తర్వాత కాలు ఈడ్చడం మొదలైంది. షుగరుకు నరాలు దెబ్బతిన్నాయన్నారు. సంగటి కెలకలేకపోయింది. నీరసం అన్నారు. ముఖంలో నవ్వుగానీ కోపంగానీ పలకడం మానేసింది. దానికి ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లోవాళ్లు మాత్రం అత్త అలిగిందనుకున్నారు. తనంటే గిట్టడం లేదనుకుని కోడలు వేరు కుంపటి పెట్టేదాకా పోయిందట. చివరికి కుప్పమ్మ పెరట్లో పడింది. తుంటి విరిగింది. ఎముకల వార్డులో ఎవరో అనుమానపడి న్యూరాలజీ వాళ్లను పిలిస్తే, వాళ్లు మా దగ్గరికి పంపారు. స్కాన్‌లో కామాలు లేవు. రెండు వైపులా మసక చుక్కలు.

మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకు ఆమె ముఖం విచ్చుకుంది. కోడల్ని చూసి నవ్వింది. కానీ తుంటి విరిగాక మళ్లీ మునుపటిలా నడవలేదు. కొడుకు నా గదికి వచ్చి నిలబడి ఒక మాటన్నాడు.

"నెలనెలా సుగరు డాక్టరు దగ్గరికి పోతానే ఉన్నాం గదమ్మా. రక్తం తీసినారు, మూత్రం సూసినారు. ఒక్కరన్నా మాయమ్మను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిపించి సూసినారా?"

అతను అడిగింది న్యాయం. కుప్పమ్మ జబ్బును గుర్తుపట్టడానికి మా ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఆమె నడుస్తుంటే కళ్లు పెట్టి చూస్తే చాలు. చెయ్యి ఊగకుండా ఒంటికి అతుక్కుని ఉండటం, కాలు ఈడ్వడం, తిరగడానికి చిన్నచిన్న అడుగులు వెయ్యడం, ఇవన్నీ మెడికల్ కాలేజీ కుర్రాడికి కూడా తెలిసినవే. షుగరు అనే మాట అడ్డం వచ్చి ఎవరికీ కనపడలేదు.

ప్రొఫెసర్ గారు

కుప్పమ్మ స్కాన్ బొమ్మ నన్ను వదల్లేదు. ఆమె వయసుకూ, జబ్బు వచ్చిన కాలానికీ అంత వెలుగు పోకూడదు. షుగరు, పార్కిన్సన్స్ ఒకే మనిషిలో ఉంటే ఆ నరాల కొసలు ఇంకా తొందరగా చస్తాయా? మా న్యూరాలజీ ప్రొఫెసర్ గారికీ ఇదే ప్రశ్న ఉంది. ఆయన ముఖ్య పరిశోధకుడిగా, నేను స్కాన్లు చూసేదాన్నిగా ప్రాజెక్టు మొదలైంది. పార్కిన్సన్స్ ఒక్కటే ఉన్నవాళ్లు ఒక గుంపు, షుగరు కూడా ఉన్నవాళ్లు ఇంకో గుంపు. వయసూ, జబ్బు కాలమూ దగ్గరదగ్గరగా ఉండేట్టు చూసి రెండు గుంపుల బొమ్మలూ పోల్చడం మా పని.

ప్రొఫెసర్ గారి గురించి న్యాయంగానే చెప్పాలి. ఆయన చెయ్యి మంచిది. రోగి మణికట్టు పట్టుకుని తిప్పి, ఆ బిగుతును బట్టి జబ్బు ఎంత ముదిరిందో చెప్పగలిగేవాడు. పేదవాళ్ల దగ్గర ఎప్పుడూ విసుక్కోలేదు. కానీ పరిశోధన విషయానికి వస్తే, తేలాల్సిన జవాబు ఆయన మనసులో ముందే తేలిపోయింది. షుగరు ఉంటే మెదడు దెబ్బతింటుంది, అది మేం లోకానికి చూపిస్తాం, అంతే. ఇక ఆయనకు కావాల్సింది మనుషులు. ఎంతమంది దొరికితే అంత గట్టిగా చూపించవచ్చు. పెద్దవాళ్ల దగ్గర పనిచేసేటప్పుడు ఇది గమనించండి. ప్రశ్న అడుగుతున్నారా, జవాబుకు సాక్షుల్ని వెతుకుతున్నారా అని. సాక్షుల్ని వెతికేవాళ్ల దగ్గర మీ కళ్లు మీ దగ్గరే ఉంచుకోండి.

మునిరత్నం

మునిరత్నం ఆ షుగరు గుంపులోకే వచ్చాడు. నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీకి శ్రీకాళహస్తి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడపిల్లల్ని పనికి తీసుకెళ్లే బస్సు నడిపేవాడు. యాభై దాటిన మనిషి. షుగరు ఉంది. కొన్ని నెలల్లోనే రెండు చేతులూ వణకడం, ఒళ్లు బిగుసుకోవడం మొదలైంది. బస్సులో పిల్లలు భయపడుతున్నారని కంపెనీవాళ్లు దింపేశారు. భార్య రాజమ్మకు తిరుచానూరులో ఒక లాడ్జిలో పని దొరికితే సంసారం అక్కడికి మార్చారు. ప్రొఫెసర్ గారు పార్కిన్సన్స్ అన్నారు. మందులు ఇచ్చారు. తగ్గకపోతే మోతాదు పెంచారు. అయినా తగ్గలేదు.

మునిరత్నం స్కాన్ రోజున సూది వేశాక హాల్లో వాళ్ల పక్కనే కూర్చున్నాను. మునిరత్నం గొంతు లోపలినుంచి వస్తున్నట్టు మెల్లగా ఉంది. బస్సు గురించి అడిగితే మాత్రం కొంచెం గట్టిపడింది. ఎక్కే ప్రతి పిల్లా ఏ స్టాపులో దిగుతుందో తనకు తెలుసన్నాడు. రెండు చేతులూ ఒకే తీరున వణుకుతున్నాయి. అది నాకు నచ్చలేదు. పార్కిన్సన్స్ మామూలుగా ఒక పక్క మొదలై, ఆ పక్కే ఎక్కువగా ఉంటుంది.

ఆకలవుతోందని రాజమ్మ ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీ తీసింది. తినేముందు సంచిలోంచి ఒక మాత్ర తీసి మొగుడికి ఇచ్చింది. అది ఏం మాత్ర అని అడిగాను.

"అది మందు గాదమ్మా, గ్యాసుకు," అన్నాడు మునిరత్నం.

ఎప్పటినుంచి వేసుకుంటున్నావని అడిగాను. బస్సు తోలేటప్పటి నుంచీ అన్నాడు. టయానికి తిండి లేక, కొంచెం తిన్నా కడుపు నిండినట్టు ఉంటే ఎవరో డాక్టరు కొన్నాళ్లకని రాసిచ్చాడట. హాయిగా ఉందని వదల్లేదు. మందులషాపులో అడిగితే ఇచ్చేస్తున్నారు. వణుకుకు ముందా తర్వాతా అంటే, రాజమ్మ ఆలోచించి ముందే అంది.

మాత్ర అట్ట తీసుకుని వెనక చదివాను. ఎసిడిటీ మందుతో పాటు లీవోసల్పిరైడ్ అని ఉంది. కడుపు తొందరగా ఖాళీ కావడానికి ఇస్తారు. చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్లకు కడుపు మందగించడం మామూలే కాబట్టి వాళ్లకు ఇది మరీ ఎక్కువగా ఇస్తారు. కానీ ఆ మందు డోపమిన్‌ను అందుకునే చోట అడ్డంగా కూర్చుంటుంది. నరాల కొసలు బాగానే ఉంటాయి, డోపమిన్ వస్తూనే ఉంటుంది, చేరాల్సిన చోటికి చేరదు. బయటికి చూస్తే మనిషి అచ్చం పార్కిన్సన్స్ రోగిలాగే ఉంటాడు. ఇది కొత్త సంగతేమీ కాదు. మేమందరం చదువుకున్నదే. మునిరత్నాన్ని చూసిన ఏ డాక్టరూ ఈ మాత్ర సంగతి అడగలేదు. మందులేం వాడుతున్నావంటే అతను షుగరు మాత్రలు, వణుకు మాత్రలు చెప్పాడు. గ్యాసుది మందు కాదు కదా.

మధ్యాహ్నం కెమెరాలో బొమ్మ వచ్చింది. రెండు కామాలు, తోకలతో సహా, చక్కగా వెలుగుతున్నాయి. ఆ మనిషికి పార్కిన్సన్స్ లేదు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. చెప్పలేనంత కోపం వచ్చింది. అతని బస్సు పోయింది, ఊరు మారింది, లేని జబ్బుకు మందులు మింగుతూ, ఉన్న వణుకును తెచ్చిపెట్టిన మాత్రనే రోజూ అన్నానికి ముందు వేసుకుంటున్నాడు.

ఒక్కడు తగ్గితే

ప్రొఫెసర్ గారి గదికి వెళ్లి చెప్పాను. ఆయన బొమ్మ చూశాడు. తర్వాత, స్కాన్ కూడా తప్పు కావచ్చు కదా మేడమ్, మొదట్లో కొందరికి మామూలుగానే కనపడుతుంది అన్నాడు. అది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు, నేనూ ఒప్పుకున్నాను. అయితే ఆ మాత్ర ఆపి చూద్దామన్నాను.

"ఆపితే తగ్గుతుందని గ్యారంటీ ఇస్తారా?"

"ఇవ్వను. ఆపకపోతే తగ్గదని మాత్రం చెప్పగలను."

మాత్ర ఆపడానికి ఒప్పుకున్నాడు. ఆ మేరకు ఆయన్ని తప్పుపట్టను. కానీ ప్రాజెక్టు నుంచి మునిరత్నాన్ని తీసెయ్యడానికి ఒప్పుకోలేదు. చేరినరోజున వణుకు ఉంది, షుగరు ఉంది, నియమాల ప్రకారం అతను ఈ గుంపులోవాడే అన్నాడు. ఇలా ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతే ఏం మిగులుతుందన్నాడు. నేను అడిగింది కూడా అదే. నిజంగా ఏం మిగులుతుందో చూద్దామని.

మాత్ర ఆపిన మొదటి వారాల్లో ఏ మార్పూ లేదు. రాజమ్మ నా మీద విరుచుకుపడింది. కడుపుబ్బరం మళ్లీ వచ్చింది, వణుకు పోలేదు, ఇద్దరు డాక్టర్ల మధ్య తన మొగుణ్ణి ఆటబొమ్మ చేశారని అంది. నేను తిండి కొంచెం కొంచెంగా తినమని, ఓపిక పట్టమని చెప్పాను. ఇలాంటి వణుకు పోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి మొత్తంగా పోదు కూడా. ఆ సంగతి దాచకుండా చెప్పాను. ఆమె వినిపించుకోలేదు. తర్వాత ఒకరోజు ఓపీకి వచ్చినప్పుడు మునిరత్నం చొక్కా గుండీలు తనే పెట్టుకున్నానని చెప్పాడు. అంతకుముందు రాజమ్మే పెట్టేది. ఆ పైన కాఫీ గ్లాసు ఒలక్కుండా పట్టుకున్నాడు. గొంతు పెరిగింది. పార్కిన్సన్స్ మందులు మెల్లగా తగ్గించి ఆపేశారు. కొన్ని నెలలకు అతని చేతుల్లో వణుకు లేదు.

అప్పటికీ మా ప్రాజెక్టులో అతను పార్కిన్సన్స్ రోగే. నా ముందు నిలబడి చేతులు చాచి చూపిస్తున్న ఆరోగ్యవంతుడు, కాగితం మీద మాత్రం షుగరు వల్ల మెదడు చెడిపోయినవాడు. నేను ఆసుపత్రి పరిశోధన కమిటీకి రాసిచ్చాను. ప్రొఫెసర్ గారు ఆ రోజు నుంచి నాతో మాటలు మానేశారు. కారిడార్‌లో ఎదురైతే గోడవైపు చూస్తూ పోయేవారు. కమిటీవాళ్లు రెండు గుంపుల్లో ఉన్న అందరి మందులూ మళ్లీ కనుక్కోమన్నారు. ఇంటి నుంచి సంచులతో సహా రమ్మన్నాం. అలాంటి మాత్రలు వాడుతున్నవాళ్లు ఇంకా దొరికారు. ఎక్కువమంది షుగరు గుంపులోనే. అందులో కొందరికి మునిరత్నంలాగే కామాలు వెలుగుతున్నాయి. వాళ్లందరినీ తీసేశాక గుంపు చిన్నదైంది.

మిగిలినవాళ్లలో తేలింది ఇది. నిజంగా పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో, షుగరు కూడా ఉన్నవాళ్ల వెలుగు మొత్తం మీద కొంచెం తక్కువగా ఉంది. అందరిలో కాదు. షుగరు వల్లే తగ్గిందని చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు. రెండు జబ్బులకూ ఉమ్మడి కారణం ఇంకేదైనా ఉండవచ్చు. ఇంకా పెద్ద ఎత్తున చూడాలి. ఇదే మా జవాబు. చిన్న జవాబే అయినా నిజమైనది. ఈ రంగంలో సిగ్గుపడాల్సిన అవసరం లేని జవాబు అదొక్కటే.

పేపర్లో వచ్చింది

అది అక్కడితో ఆగి ఉంటే ఇంత కోపం ఉండేది కాదు. ఎవరు చెప్పారో ఎలా చెప్పారో, షుగరు రోగులకు వణుకుడు రోగం ముప్పు అని జిల్లా పేజీలో పడింది. కొద్ది రోజులకే ఊళ్లో ఒక ప్రైవేటు స్కాన్ సెంటరు బయట బోర్డు వెలిసింది. షుగరు ఉన్నవాళ్లు మెదడు స్కాన్ చేయించుకోవాలట. చిత్తూరు నుంచి ఒక బడిపంతులు గారు ఆ బోర్డు చూసి స్కాన్ చేయించుకుని, ఆ బొమ్మలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఆయనకు వణుకు లేదు, బిగుతు లేదు. షుగరు ఉంది, భయం ఉంది. చేయించింది కూడా మేం చేసే స్కాన్ కాదు, మామూలు ఎమ్మారై. అందులో ఈ జబ్బు కనపడనే కనపడదు. పంతులు గారిని గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి, వేళ్లు ఆడించమని చూసి, మీకు ఏమీ లేదని పంపాను. ఆయన నమ్మలేదు. బోర్డు మీద అచ్చయినది అబద్ధమా అన్నారు.

షుగరు ఉన్న మనిషికి నిజంగా జబ్బు వచ్చినప్పుడు షుగరే అని తోసేస్తారు. ఏ జబ్బూ లేనప్పుడు షుగరు పేరు చెప్పి భయపెట్టి అమ్ముకుంటారు. ఈ రెండింటి మధ్యా నిలబడటమే ఈ ఉద్యోగం. మీ రిపోర్టులో 'నార్మల్' అని రాసి సంతకం పెట్టి చేతులు దులుపుకోవద్దు. మనిషి వణుకుతున్నాడు, బొమ్మ నార్మల్ అంటే ఎందుకు వణుకుతున్నాడో వెతకడానికి ఎవరో ఒకరు ఉండాలి. మీరు తప్ప ఆ బొమ్మను అర్థం చేసుకున్నవాళ్లు ఆ ఆసుపత్రిలో లేరు.

నాయుడుపేట

మునిరత్నం మళ్లీ బస్సు అడగడానికి పోయాడు. జబ్బు లేదని నేనిచ్చిన సర్టిఫికెట్టూ, స్కాన్ బొమ్మా తీసుకుపోయాడు. ఫ్యాక్టరీవాళ్లు గేటు లోపలికి రానివ్వలేదట. ఆ సంగతి చెప్పడానికి ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

"నా మెదడు బాగుండాదని మీరు ఫొటోలో సూపించినారు. ఇప్పుడు దాన్ని యాడ సూపించేదమ్మా?" అన్నాడు మునిరత్నం.

మర్నాడు సెలవు పెట్టి నా కారులో ఇద్దర్నీ ఎక్కించుకుని నేనే నడుపుకుంటూ నాయుడుపేట వెళ్లాను. నేను డాక్టర్నని చెబితే రవాణా మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టాడు. కాఫీ తెప్పించాడు. జరిగినదంతా చెప్పాను. కడుపు మాత్ర వల్ల వచ్చిన వణుకని, మాత్ర ఆపాక పోయిందని, మెదడు స్కాన్ కూడా బాగుందని చెప్పాను. ఆయన తల ఊపాడు. మీరు చెప్పేది అర్థమైంది మేడమ్, కానీ ఒకసారి వణికిన చెయ్యి కదా, రేపు బస్సుకు ఏదైనా అయితే నన్నడుగుతారు అన్నాడు.

ఆవరణలో బస్సులు నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని ఇప్పుడే ఇతనితో నడిపించండి, నేను ముందు సీట్లో కూర్చుంటాను, మీరూ రండి అన్నాను. రానన్నాడు. సంస్థ డాక్టరు చేతే పరీక్ష చేయించండి అన్నాను. పైవాళ్లను అడగాలన్నాడు. ఎప్పుడు అడుగుతారంటే నవ్వాడు. మునిరత్నం అంతసేపూ తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. పోదాం రామ్మా అన్నది అతనే. ఆ పైవాళ్ల నుంచి ఈనాటికీ కబురు రాలేదు. తర్వాత అతనికి చిత్తూరు పాల వ్యాను నడిపే పని దొరికింది.

ఆ రోజు బయటికి వచ్చాక నా చేతులు కోపంతో వణుకుతున్నాయి. ఆ స్థితిలో హైవే మీద బండి నడపడం మంచిది కాదనిపించింది. తాళాలు మునిరత్నానికి ఇచ్చాను. లైసెన్సు ఉంది, చేతులు బాగున్నాయి, అది నాకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. అతను రాజమ్మవైపు చూశాడు. జబ్బు వచ్చినప్పటి నుంచి ఆమె అతన్ని మోపెడ్ కూడా ముట్టనివ్వలేదు. బాగయ్యాక కూడా ముట్టనివ్వలేదు. ఆమె తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను.

అతను అద్దాలు సరిచేసుకున్నాడు, సీటు వెనక్కి జరుపుకున్నాడు, బండి తీశాడు. శ్రీకాళహస్తి దాకా నేను ఆ మేనేజరుతో అనాల్సిన మాటలన్నీ మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఎవరో రాసిచ్చి మర్చిపోయిన ఒక మాత్ర, అడక్కుండా అమ్మిన ఒక అంగడి, నడిపించి చూడని డాక్టర్లు, బస్సెక్కి చూడని మేనేజరు. ఇందులో ఒక్కరికి కూడా మీరు తప్పు చేశారని ఎవరూ చెప్పరు. ఎప్పటికీ చెప్పరు.

ఏర్పేడు దాటాక మునిరత్నం బండి వేగం తగ్గించాడు. ముందు వాహనాలేమీ లేవు. ఏమైందని అడిగాను.

"గతుకులుండాయమ్మా. ఆమె నిద్రపోతా ఉండాది," అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. రాజమ్మ కిటికీకి తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది.